సీజన్ మొదలవకముందే ఒక టీమ్ అఫెన్స్‌ని లెక్కగట్టడం ఎలా: డెట్రాయిట్ లయన్స్ పేజీ

ఆగస్టు వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో ఎవరో ఒకరు అడుగుతారు, "మా ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక టీమ్ ఖాళీగా ఉంది, చేరతావా?" అని. సరేనంటాం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని అసలు ఆటగాళ్లతో మనం ఒక ఊహా టీమ్ కట్టుకుని, మైదానంలో వాళ్లు చేసినదానికి పాయింట్లు లెక్కపెట్టుకునే ఆట ఇది. డ్రాఫ్ట్ రాత్రి, అంటే వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకునే రాత్రి, యాప్ తెరిస్తే వందల పేర్లు. మన వంతు రాగానే పైన గడియారం పరిగెడుతుంటుంది. ఆ టెన్షన్‌లో ఎక్కడో విన్న పేరు నొక్కేస్తాం. నేను మొదటి రెండేళ్లూ అలాగే చేశాను. తర్వాత పేర్ల జాబితాలు పక్కనపెట్టి, ఒక్కో టీమ్‌కి నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకుని, ఆ టీమ్ అఫెన్స్ (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) మొత్తాన్ని లెక్కగట్టడం మొదలుపెట్టాను. పేజీకి గంట పడుతుంది. పది పన్నెండు టీమ్‌లకి చేసుకున్నా చాలు, డ్రాఫ్ట్ రోజు చేయి వణకదు.

ఆ పేజీ ఎలా రాయాలో చెప్తాను. ఉదాహరణకి 2024 ప్రీసీజన్ నాటి డెట్రాయిట్ లయన్స్‌ని తీసుకుంటున్నాను. ఆ సీజన్ అయిపోయింది కాబట్టి మన లెక్క ఎక్కడ కుదిరిందో, ఎక్కడ తప్పిందో చివర్లో సరిచూసుకోవచ్చు.

డ్రీమ్11 అలవాటున్నవాళ్లకి ముందు ఒక్క తేడా. అక్కడ ఒకే బ్యాటర్ లక్షలమంది టీమ్‌లలో ఉండొచ్చు, మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త టీమ్ కట్టొచ్చు. ఇక్కడ మీ లీగ్‌లో ఒక ఆటగాడు ఒక్కరికే దక్కుతాడు, ఎక్కువగా డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాళ్లతోనే సీజన్ లాగాలి. అందుకే ఒక మ్యాచ్ ఫామ్ కంటే 17 మ్యాచ్‌ల మొత్తం ముఖ్యం. పాయింట్లు సాధారణంగా ఇలా ఉంటాయి: పరిగెత్తినా పట్టినా 10 గజాలకి 1, టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి గోల్ గీత దాటించడం) 6. క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరేవాడు) విసిరిన 25 గజాలకి 1, విసిరిన టచ్‌డౌన్‌కి 4. పీపీఆర్ లీగ్ అయితే పట్టిన ప్రతి బంతికీ అదనంగా 1. మీ లీగ్ పీపీఆరా, సగం పీపీఆరా, అసలు లేదా అన్నది లీగ్ సెట్టింగ్స్‌లో చూసి పేజీ నెత్తిన రాసుకోండి. ఇది చూడకుండా వేసిన లెక్కంతా వృథా.

వడ్డించేవాడు ఎవరు?

పేజీలో మొదటి గీత ఆటగాడిది కాదు, ప్లేలు పిలిచేవాడిది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, ఈ ఆటలో ఆ మాట అక్షరాలా నిజం. ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు విసరాలి, గోల్ గీతకి రెండు గజాల దూరంలో బంతి ఎవరి చేతిలో పెట్టాలి అన్నది చాలా టీమ్‌లలో అఫెన్సివ్ కోఆర్డినేటర్ నిర్ణయిస్తాడు, కొన్నిచోట్ల హెడ్ కోచే పిలుస్తాడు. అతను మారితే పాత లెక్కలన్నీ అనుమానంగా చూడాలి. అతను ఉన్నాడంటే నిరుటి అంకెల మీద నమ్మకంగా కూర్చోవచ్చు.

లయన్స్‌కి 2022 నుంచి కోఆర్డినేటర్ బెన్ జాన్సన్. హెడ్ కోచ్ పదవికి వేరే టీమ్‌లు ఆసక్తి చూపినా 2024కి డెట్రాయిట్‌లోనే ఉండిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌కి ఆ మే నెలలో కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. అంటే వడ్డించేవాడూ గరిటె పట్టినవాడూ ఇద్దరూ పాతవాళ్లే. 2023 సీజన్‌లో 12 గెలుపులతో ఎన్ఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) ఫైనల్ దాకా వెళ్లి, హాఫ్‌టైమ్‌కి 24–7 ఆధిక్యంలో ఉండి కూడా 34–31తో శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో ఓడిన టీమ్ అది. దాన్ని విడగొట్టకుండా తిరిగి తెచ్చారంటే నిరుటి పద్ధతే సాగుతుందని రాసుకోవచ్చు.

గుండిగలో అన్నం ఎంత?

ఇప్పుడు టీమ్ ఏడాదికి మొత్తం ఎన్నిసార్లు బంతి విసురుతుందో చూడండి. బంతి పట్టే రిసీవర్లు ఎంత గొప్పవాళ్లయినా పంచుకోవాల్సింది ఆ గుండిగలోంచే. 2023లో గాఫ్ 605 సార్లు విసిరాడు, మ్యాచ్‌కి 35 పైనే. 4,575 గజాలు, 30 టచ్‌డౌన్‌లు.

అదే అంకెని వచ్చే ఏడాదికి దించేయకండి. పెరుగుతుందా తగ్గుతుందా అని ఆలోచించండి. ఓడుతున్న టీమ్ చివరి క్వార్టర్‌లో గబగబా విసురుతుంది. ముందున్న టీమ్ పరిగెత్తి గడియారం కరిగిస్తుంది. మన వన్డేల్లో గెలుపు దగ్గరపడ్డాక సింగిల్స్ తీసుకుంటూ పోతారు చూడండి, అలాగే. లయన్స్ 2024లో ఇంకా బలపడుతున్న టీమ్. కాబట్టి 605 కంటే తక్కువే రాయాలి. మ్యాచ్‌కి 33 చొప్పున సుమారు 560 పెట్టుకుందాం. ఈ ఒక్క అంకె దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి, తర్వాతి లెక్కంతా దీని మీదే నిలుస్తుంది.

ఎవరి విస్తరిలో ఎంత?

ఇక్కడ తెలియాల్సిన మాట టార్గెట్. పట్టినా పట్టకపోయినా, క్వార్టర్‌బ్యాక్ ఎవరివైపు బంతి విసిరాడో ఆ లెక్క. గజాలూ టచ్‌డౌన్‌లూ ఏడాదికి ఏడాది ఊగిసలాడతాయి. టార్గెట్ వాటా అంతగా ఊగదు. అందుకే నేను పేరు పక్కన గజాలు రాయను, వాటా రాస్తాను.

2023 లయన్స్ పేజీలో ఇలా ఉంటుంది. అమోన్-రా సెయింట్ బ్రౌన్ వైపు 164 బంతులు, అంటే 605లో 27 శాతం. టైట్ ఎండ్ (అడ్డుకోవడం, పట్టడం రెండూ చేసేవాడు) శామ్ లపోర్టాకి 120, సుమారు 20 శాతం. రన్నింగ్ బ్యాక్ (ముఖ్యంగా బంతితో పరిగెత్తేవాడు) జమీర్ గిబ్స్‌కి 71, దాదాపు 12 శాతం. జాష్ రేనాల్డ్స్‌కి 64, పదిన్నర శాతం. జేమ్సన్ విలియమ్స్‌కి 42, అంటే 7 శాతమే.

ఇక పెన్సిల్‌తో వెళ్లిపోయినవాళ్ల పేర్లు కొట్టేయండి. రేనాల్డ్స్ డెన్వర్‌కి వెళ్లిపోయాడు. అతని 64 బంతులు ఇప్పుడు ఎవరివీ కావు. ప్రీసీజన్ లెక్కలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే: ఖాళీ అయిన విస్తరి ముందు ఎవరు కూర్చుంటారు? టీమ్ ఏం చేసిందో చూస్తే సమాధానం దొరుకుతుంది. 2024 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో (అసలు టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునేది) లయన్స్ మొదటి రెండు రౌండ్లలోనూ డిఫెన్స్‌లో ఆడే కార్నర్‌బ్యాక్‌లనే తీసుకున్నారు. ఆ డ్రాఫ్ట్ మొత్తంలో ఒక్క రిసీవర్నీ తీసుకోలేదు. అంటే విస్తరి ముందు కూర్చోవాల్సినవాడు ఇంట్లోనే ఉన్నాడని టీమ్ నమ్మింది.

వాడే జేమ్సన్ విలియమ్స్. 2022లో 12వ పిక్‌గా వచ్చాడు, కాలేజీలో మోకాలి గాయంతో మొదటి ఏడాది చాలావరకు పోయింది. రెండో ఏడాది లీగ్ బెట్టింగ్ నిబంధనల ఉల్లంఘనతో సస్పెన్షన్. 24 క్యాచ్‌లు, 354 గజాలు చూసి చాలామంది వదిలేశారు. పాత అంకెలు చూస్తే వదిలేయాల్సినవాడే. వాటా లెక్క చూస్తే కాదు. 560లో 16 శాతం ఇస్తే 90 బంతులు. అంటే నిరుటికి రెట్టింపు పైనే.

చివర్లో వాటాలన్నీ కూడి చూడండి. కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే. ప్రతి ఆటగాడి గురించీ విడివిడిగా మంచి వార్త చదివి, అందరికీ పెంచుకుంటూ పోతారు. కూడితే 115 శాతం వస్తుంది. గుండిగలో లేని అన్నం వడ్డించలేం. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గించాల్సిందే, అదీ పేరు పెట్టి తగ్గించాలి. నేను విలియమ్స్‌కి పెంచినప్పుడు లపోర్టాని 20 నుంచి 18కి దించాను. సెయింట్ బ్రౌన్‌ని 27 దగ్గరే ఉంచాను. గిబ్స్ 12. ఈ నలుగురికీ కలిపి 73. మిగిలిన 27 శాతం రెండో టైట్ ఎండ్‌కీ, డేవిడ్ మాంట్‌గమరీకీ, కలీఫ్ రేమండ్ లాంటివాళ్లకీ.

పరిగెత్తేవాళ్ల పంపకం

రన్నింగ్ బ్యాక్‌ల దగ్గర రెండు ప్రశ్నలు. బంతి ఎన్నిసార్లు చేతికిస్తారు? గోల్ గీత దగ్గర ఎవరికిస్తారు?

2023లో మాంట్‌గమరీ 14 మ్యాచ్‌ల్లో 219 సార్లు పరిగెత్తి 1,015 గజాలు, 13 టచ్‌డౌన్‌లు చేశాడు. గిబ్స్ 15 మ్యాచ్‌ల్లో 182 సార్లు పరిగెత్తి 945 గజాలు, 10 టచ్‌డౌన్‌లు చేశాడు, పైగా 52 క్యాచ్‌లు. భాగించి చూడండి: మాంట్‌గమరీ సగటు 4.6, గిబ్స్‌ది 5.2. తక్కువ సార్లు ఇచ్చినా ఎక్కువ దూరం పోయినవాడు, అదీ మొదటి ఏడాదే. మొదటి రౌండ్ 12వ పిక్ పెట్టి తెచ్చుకున్నవాడిని రెండో ఏడాది బెంచ్ మీద కూర్చోబెట్టరు. పంపకం అతనివైపు జరుగుతుందని రాసుకోవాలి. మాంట్‌గమరీని మాత్రం కొట్టేయకూడదు. బరువైన మనిషి, గోల్ గీత దగ్గర కోచ్‌కి నమ్మకం. వీళ్లిద్దరూ ఒకరి పొట్ట ఒకరు కొట్టే రకం కాదు, ఆ టీమ్ ఇద్దరికీ సరిపడా పరిగెత్తుతుంది.

టచ్‌డౌన్‌లని చూసి మోసపోకండి

ఇది నేను అనుభవం మీద నేర్చుకున్నది. ఆ ఏడు ఈ మెట్టు సరిగ్గా ఎక్కకుండా లపోర్టాని మూడో రౌండ్‌లో తీసుకున్నాను.

2023లో లపోర్టా 86 క్యాచ్‌లు పట్టాడు. కొత్తగా లీగ్‌లోకి వచ్చిన టైట్ ఎండ్‌లలో అప్పటికి అదే రికార్డు. 889 గజాలు, 10 టచ్‌డౌన్‌లు. పీపీఆర్‌లో 86, 88.9, 60 కలిపితే దాదాపు 235 పాయింట్లు. నాకు ఆ 235 కనిపించింది, దాని వెనకున్నది కనిపించలేదు. ఎనిమిది తొమ్మిది క్యాచ్‌లకి ఒక టచ్‌డౌన్ అంటే చాలా ఎక్కువ, టైట్ ఎండ్‌కి అది ఏటా నిలవడం కష్టం.

నేను వేసుకోవాల్సిన లెక్క ఇది. 560లో 18 శాతం అంటే 101 బంతులు. నిరుడు 120లో 86 పట్టాడు, అంటే 72 శాతం. 101లో 72 క్యాచ్‌లు. క్యాచ్‌కి 10.3 గజాల చొప్పున 740 పైచిలుకు. టచ్‌డౌన్‌లు పది క్యాచ్‌లకి ఒకటి అనుకుంటే ఏడు. కలిపితే 188 పాయింట్లు. 235 ఎక్కడ, 188 ఎక్కడ? మూడో రౌండ్ పిక్ ఇచ్చి కొనాల్సిన సరుకు కాదది. వాటాలు రాసుకుని కూడా చివరి గుణకారం చేయకుండా వదిలేశాను. మీరు వదలకండి. పేజీలో ముఖ్యమైన నలుగురికైనా ఈ లెక్క చివరిదాకా వేయండి: బంతులు, పట్టే శాతం, క్యాచ్‌కి గజాలు, తగ్గించిన టచ్‌డౌన్‌లు.

లైన్, షెడ్యూల్

క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి ప్రత్యర్థుల్ని అడ్డుకునే అఫెన్సివ్ లైన్ ఐదుగురికీ ఫాంటసీలో పాయింట్లు ఉండవు, కానీ వాళ్లు లేకపోతే ఎవరికీ రావు. ఐదు పేర్లు రాసి, నిరుటివాళ్లలో ఎందరున్నారో చూడండి. నలుగురుంటే నిశ్చింత. ఇద్దరే ఉంటే రన్నింగ్ బ్యాక్ లెక్క కొంచెం కోయండి. లయన్స్‌లో గార్డ్ జోనా జాక్సన్ ర్యామ్స్‌కి వెళ్లాడు, అనుభవమున్న కెవిన్ జైట్లర్ వచ్చాడు. డెకర్, రాగ్నో, గ్లాస్గో, సూవల్ ఉన్నారు. కోత అక్కర్లేదు.

షెడ్యూల్‌లో ప్రత్యర్థి బలం కొలవడానికి ప్రీసీజన్‌లో నేను సమయం పెట్టను, సెప్టెంబర్ గడిచేసరికి డిఫెన్స్‌ల అంచనాలు తారుమారవుతాయి. మారనిది స్టేడియం. గాలీ మంచూ ఉంటే విసరడం కష్టం. లయన్స్ సొంత మైదానం ఫోర్డ్ ఫీల్డ్ పూర్తిగా కప్పు కింద ఉంటుంది. 2024లో వాళ్లకి అక్కడ 9 మ్యాచ్‌లు. బయటి 8లో డాలస్, అరిజోనా, మిన్నెసోటా, ఇండియానాపొలిస్, హ్యూస్టన్ ఐదూ పైకప్పున్నవే. 17లో 14. గాఫ్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌కి ఇది నిజమైన లాభం. ఫాంటసీ ప్లేఆఫ్స్ ఎక్కువ లీగ్‌ల్లో 15, 16, 17 వారాల్లో ఉంటాయి కాబట్టి ఆ మూడూ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి: సొంతింట్లో బఫెలో, తర్వాత ఆరుబయట చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో. బై వీక్ (మ్యాచ్ లేని వారం) ఐదో వారం, దాన్ని మూలన రాసుకుంటే సరి.

ఆగస్టు వార్తల్ని వడగట్టడం

ప్రీసీజన్‌లో టీమ్‌కి మూడు మ్యాచ్‌లు. అందులో వచ్చిన గజాల్ని నమ్మకండి, అవతల ఆడుతున్నవాళ్లలో చాలామంది నెలాఖరుకి టీమ్‌లోనే ఉండరు. లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ అయితే ప్రధాన ఆటగాళ్లని పెద్దగా దించడు కూడా. మరి ఏం చూడాలి? మొదటి జట్టు దిగితే, ఆ పది పదిహేను ప్లేలలో ఎవరు మైదానంలో ఉన్నారో చూడండి. మూడో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడిన రన్నింగ్ బ్యాక్ ఎవరు? ఇద్దరు రిసీవర్లే ఉన్న ప్లేలో బెంచ్ మీదకి వెళ్లిపోయింది ఎవరు? బంతిని వదిలేసి అంచున నిలబడ్డవాళ్లని చూడటం అలవాటయితే, నాలుగు నిమిషాల ఆటలో వారం వార్తలకంటే ఎక్కువ తెలుస్తుంది.

గాయం వార్తల్లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) అన్న మాట కనిపిస్తే ఆ పేరు చుట్టూ సున్నా చుట్టండి. ఆ ఆగస్టులో గిబ్స్‌కి అదే వచ్చింది. కంగారుపడి పేరు కొట్టేయక్కర్లేదు, మళ్లీ ప్రాక్టీస్‌కి ఎప్పుడు వచ్చాడో చూస్తే చాలు. ఆగస్టు ఆఖర్లో అన్ని టీమ్‌లూ 53 మందికి కుదించాక పేజీ ఒకసారి సరిచూసుకోండి. వీలైతే మీ లీగ్ డ్రాఫ్ట్ ఆ తర్వాతే పెట్టమని అడగండి. మా లీగ్‌లో ఒక బావగారు హైదరాబాద్ నుంచి ఆడతారు. ఇక్కడ ఈస్టర్న్ టైమ్ రాత్రి 8 అంటే అక్కడ తెల్లవారి 5:30. అలాంటివాళ్లుంటే ముందే టైమ్ సర్దుకోండి, నిద్రమత్తులో రెండో రౌండ్ పిక్ పోతే ఏడాదంతా బాధ.

లెక్క ఎక్కడ కుదిరింది?

2024లో గాఫ్ 539 సార్లే విసిరాడు. మనం తగ్గించిన 560 కంటే కూడా తక్కువ. టీమ్ 15 మ్యాచ్‌లు గెలిచి 564 పాయింట్లు చేసింది. ముందున్నప్పుడు విసరాల్సిన పనేముంది? విసిరినవి తగ్గినా గజాలు 4,629కి, టచ్‌డౌన్‌లు 37కి పెరిగాయి.

సెయింట్ బ్రౌన్‌కి బంతులు 164 నుంచి 141కి పడిపోయాయి. చూడగానే తగ్గాడనిపిస్తుంది. భాగించండి: 539లో 26 శాతం. వాటా ఇంచుమించు అదే, తగ్గింది గుండిగ. 115 క్యాచ్‌లు, 12 టచ్‌డౌన్‌లు. విలియమ్స్‌కి మనం రాసింది 90, వచ్చింది 91. 58 క్యాచ్‌లతో 1,001 గజాలు, 7 టచ్‌డౌన్‌లు, అదీ మధ్యలో రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ పోగా. చాలా లీగ్‌ల్లో అతను డ్రాఫ్ట్ సగం గడిచాకే పోయాడు. గిబ్స్ 250 సార్లు పరిగెత్తి 1,412 గజాలు చేశాడు, మొత్తం 20 టచ్‌డౌన్‌లు. మాంట్‌గమరీ 185 సార్లే పరిగెత్తినా 12 టచ్‌డౌన్‌లు చేశాడు.

లపోర్టాకి 83 బంతులు. 60 క్యాచ్‌లు, 726 గజాలు, 7 టచ్‌డౌన్‌లు, దాదాపు 175 పాయింట్లు. చెడ్డ సీజన్ కాదు. నేను ఇచ్చిన ధరకి చెడ్డది.

మొదటి వారం చూసి పేజీ చించేయకండి. ఆ ఏడు ర్యామ్స్‌తో తొలి మ్యాచ్‌లో సెయింట్ బ్రౌన్‌వి 3 క్యాచ్‌లు, 13 గజాలు. మా గ్రూప్‌లో ఒకరు ఆ రాత్రే అతన్ని ట్రేడ్‌కి పెట్టారు. తర్వాతి వారం టాంపాబేతో 11 క్యాచ్‌లు, 119 గజాలు. నాలుగు వారాలు ఆగి, అప్పుడు వాటాలు మళ్లీ లెక్కపెట్టండి. మీరు రాసినదానికి మూడు నాలుగు శాతం తేడా ఉంటే అది నిజమైన మార్పు.

డ్రాఫ్ట్ రాత్రికి

పేజీలు పూర్తయ్యాక మీ అంచనా పాయింట్ల పక్కన, ఆ ఆటగాడు సగటున ఏ రౌండ్‌లో పోతున్నాడో యాప్‌లో చూసి రాసుకోండి. మీ లెక్క కంటే ముందు పోతున్నవాడికి మైనస్, వెనక పోతున్నవాడికి ప్లస్. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, పోయిన పేర్లు కొట్టేస్తూ, ప్లస్ ఉన్నవాళ్ల దగ్గర ఒక రౌండ్ ముందే చెయ్యి వేయండి. అంతకంటే ముందు వేస్తే మీ లాభం మీరే తినేసినట్టు.

పేజీ పారేయకండి, మరుసటేడు అదే పనికొస్తుంది. 2025 జనవరిలో బెన్ జాన్సన్ చికాగో బేర్స్ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు, జాన్ మోర్టన్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. జూన్‌లో సెంటర్ ఫ్రాంక్ రాగ్నో రిటైరయ్యాడు, జైట్లర్ టెనసీకి వెళ్లాడు. ఆటగాళ్ల పేర్లు దాదాపు అవే, కానీ పై గీతా లైన్ గీతా రెండూ మారిపోయాయి. అలాంటి ఏడాది వాటాలు అలాగే ఉంచి, టచ్‌డౌన్‌లు అందరికీ ఒక మెట్టు తగ్గించి రాయండి. ఆ నవంబర్‌లో వాషింగ్టన్ మ్యాచ్ నుంచి ప్లేలు పిలిచే పని డాన్ క్యాంప్‌బెల్ తనే తీసుకున్నాడు. నా పేజీలో మొదటి గీత ఆ రాత్రి మళ్లీ చెరిపి రాశాను.